డాక్టరు గారు వచ్చేలోగా... పసిపిల్లల ప్రాణరక్షణ శిక్షణ ఎందుకు? ఎలా?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోను, వాటి చుట్టుపక్కల పల్లెల్లోను పనిచేసే నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, డ్యూటీ డాక్టర్లు, అంబులెన్సు సిబ్బంది కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. పిల్లలున్న తల్లిదండ్రులు కూడా తప్పక చదవండి. మందుల మోతాదులు మీకు అవసరం లేకపోవచ్చు గాని, ప్రమాద సూచనలు మాత్రం అందరికీ అవసరమే.

ఒక రాత్రి జరిగిన సంగతి

చాలా ఏళ్ల క్రితం మాట. నేను డిప్లొమా పూర్తిచేసి ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. పన్నెండు దాటాక ఎనిమిది నెలల పాపను మోటారు సైకిలు మీద తల్లి ఒడిలో పెట్టుకుని తీసుకొచ్చారు. మూడు రోజులుగా జలుబు, దగ్గు, జ్వరం. సాయంత్రం నుంచి డొక్కలు ఎగరేస్తోందట. నా దగ్గరికి వచ్చేసరికి పాప ఏడవడం లేదు. "ఇందాకటిదాకా ఒకటే ఏడుపు సిస్టర్, ఇప్పుడే కాస్త నెమ్మదించింది" అన్నది తల్లి. ఆ మాట విని నేనూ కాస్త స్థిమితపడ్డాను.

అదే నా పొరపాటు. పాప నెమ్మదించలేదు, అలసిపోయింది. నేను డాక్టరు గారికి కబురు పంపి, సెలైన్ పెట్టడానికి నరం వెతుకుతూ కూర్చున్నాను. పాప ఊపిరి ఆగిపోతున్నట్టు గమనించి అంబూ బ్యాగు కోసం అలమర తెరిస్తే పెద్దవాళ్ల మాస్కు ఒక్కటే ఉంది. అది పాప ముఖమంతా కప్పేసింది. బ్యాగు నొక్కితే గాలి పక్కల నుంచి పోతోంది, ఛాతీ లేవడం లేదు. డాక్టరు గారు ఇరవై నిమిషాల్లో వచ్చారు. అప్పటికే పాప లేదు.

ఆ రాత్రి ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అందరం పరుగెత్తాం. కాని ఏది ముందు చేయాలో నాకు తెలియలేదు, చేతికి అందవలసిన వస్తువు అలమరలో లేదు. ఆ తరువాత కొన్నేళ్లకు నేను పిల్లల అత్యవసర ప్రాణరక్షణ శిక్షణ తీసుకున్నప్పుడు, మొదటి రోజు మొదటి గంటలోనే ఆ రాత్రి నేను ఎక్కడ తప్పానో అర్థమైంది. మీలో ఎవరికీ అలాంటి రాత్రి రాకూడదనే ఈ నాలుగు మాటలు.

పెద్దవారి గుండె వేరు, పిల్లల గుండె వేరు

పెద్దవారిలో గుండె ఆగడమంటే చాలాసార్లు గుండెజబ్బు వల్ల హఠాత్తుగా జరిగేది. నిల్చున్న మనిషి నిల్చున్నట్టే కూలిపోతాడు. పిల్లల్లో అలా జరగడం అరుదు. వారి గుండె సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. న్యుమోనియా, ఉబ్బసం, గొంతులో ఏదైనా ఇరుక్కోవడం వంటి కారణాల వల్ల ముందు ఊపిరి దెబ్బతింటుంది. లేదా వాంతులు, విరేచనాలు, రక్తస్రావం, తీవ్రమైన ఇన్ఫెక్షన్ వల్ల రక్తప్రసరణ దెబ్బతింటుంది. దాన్నే షాక్ అంటాము. ప్రాణవాయువు చాలక, చివరికి అలసి అలసి గుండె ఆగుతుంది.

ఈ ఒక్క విషయంలో మనకు పెద్ద ఆశ ఉంది. పిల్లల గుండె ఆగేముందు కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో సూచనలు ఇస్తుంది. వాటిని గుర్తుపట్టి ఊపిరికి సాయం చేస్తే గుండె ఆగేదాకా పోదు. ఒకసారి పూర్తిగా ఆగిన తరువాత బతికించడం చాలా కష్టం. బతికినా మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే మెదడుకు హాని మొదలవుతుంది. కాబట్టి ఈ శిక్షణలో గుండె నొక్కడం కంటే ముందు నేర్పేది చూడడం.

మూడు చూపులు: రూపు, ఊపిరి, రంగు

బిడ్డను ముట్టుకోకముందే, గుమ్మంలో నిలబడి అర నిమిషంలో చూడవలసినవి మూడు.

రూపు: బిడ్డ మిమ్మల్ని చూస్తున్నాడా? తల్లి పిలిస్తే తిరుగుతున్నాడా? ఒళ్లు బిగువుగా ఉందా, గుడ్డపీలికలా వాలిపోయిందా? గట్టిగా ఏడ్చే బిడ్డను చూసి కంగారుపడనక్కరలేదు. ఏడ్చి ఏడ్చి చప్పున ఊరుకున్న బిడ్డను చూసి కంగారుపడాలి.

ఊపిరి: డొక్కలు లోపలికి పోతున్నాయా? ముక్కుపుటాలు ఎగురుతున్నాయా? ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపిస్తోందా? ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కీచుమనే శబ్దం వస్తోందా? బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేక అంతకు మించి, 2 నుంచి 12 నెలల లోపు వారికి 50 లేక మించి, ఒకటి నుంచి ఐదేళ్ల లోపు వారికి 40 లేక మించి ఉంటే అది వేగమైన ఊపిరి. వేగంగా ఉన్న ఊపిరి బిడ్డ కోలుకోకుండానే నెమ్మదిస్తే అది మంచి గుర్తు కాదు, ఆగబోతోందని అర్థం.

రంగు: పెదవులు, నాలుక నీలంగా ఉన్నాయా? చర్మం పాలిపోయిందా, మచ్చలు మచ్చలుగా ఉందా? చేతులు, పాదాలు చల్లబడ్డాయా? గోటిని గాని ఛాతీ చర్మాన్ని గాని కాసేపు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలోపు తిరిగి రావాలి. మూడు సెకన్లు దాటితే షాక్ అని అనుమానించాలి. బి.పి. బాగుంది కదా అని ధైర్యపడవద్దు. పిల్లల్లో బి.పి. చివరిదాకా నిలబడి, ఒక్కసారిగా పడిపోతుంది.

ఈ మూడింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఆ బిడ్డకు క్యూ లేదు, చీటీ లేదు. నేరుగా లోపలికి తీసుకోవాలి.

మలావీ దేశం నేర్పిన పాఠం

"ఇవన్నీ పెద్ద ఆసుపత్రుల్లో జరిగేవి, మన దగ్గర వెంటిలేటరు కూడా లేదు" అని కొందరు సోదరీమణులు అంటారు. వారికి ఆఫ్రికాలోని మలావీ సంగతి చెబుతాను. అది మనకంటే పేద దేశం. అక్కడి బ్లాంటైర్ నగరంలో క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రికి ప్రతిరోజూ గుంపులుగా పిల్లలు వచ్చేవారు. ప్రమాదంలో ఉన్న బిడ్డ, మామూలు జలుబుతో వచ్చిన బిడ్డ ఒకే వరుసలో కూర్చునేవారు. అక్కడ సిబ్బందికి శిక్షణ ఇచ్చి, వరుసలోనే ప్రమాదంలో ఉన్న బిడ్డను గుర్తుపట్టి ముందుగా చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఏర్పాటు చేశారు. అంతకుముందు ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో నూటికి 10 నుంచి 18 మంది దాకా చనిపోతుండగా, ఆ తరువాత అది 6 నుంచి 8కి తగ్గిందని 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. అలాంటి అనుభవాల మీదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఈటాట్' అనే శిక్షణను తయారుచేసింది. దానిలో పెద్ద యంత్రాలు లేవు. చూసే కన్ను, ఆక్సిజన్, సరైన మాస్కు, గ్లూకోజు, కొన్ని మందులు, ఒక క్రమం. అంతే.

ఏ ఏ శిక్షణలు ఉన్నాయి?

ఆధునిక సి.పి.ఆర్. 1960 నాటిది. ఆ ఏడాది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు ఛాతీ నొక్కి రక్తప్రసరణ నిలబెట్టవచ్చని ప్రకటించారు. అదే కాలంలో నార్వే దేశంలో ఆస్మండ్ లెయర్డాల్ అనే బొమ్మల తయారీదారుడు శిక్షణ కోసం మనిషంత బొమ్మను చేశాడు. అంతకు కొన్నేళ్ల ముందు నీళ్లలో మునిగిన తన రెండేళ్ల కొడుకును ఆయన స్వయంగా బతికించుకున్నాడు. పిల్లల కోసం ప్రత్యేకంగా 'పాల్స్' అనే కోర్సు 1988లో అమెరికాలో మొదలైంది.

మన దేశంలో ఇప్పుడు ఈ విధంగా ఉన్నాయి:

1. బి.ఎల్.ఎస్.: ప్రాథమిక ప్రాణరక్షణ. ఒక్క రోజు పని. ఆయా, వాచ్‌మన్, డ్రైవరుతో సహా ఆసుపత్రిలో ప్రతి ఒక్కరూ నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి.

2. పాల్స్: నర్సులకు, డాక్టర్లకు. సాధారణంగా రెండు రోజులు. బొమ్మల మీద అభ్యాసం, బృందంగా కేసులు నడపడం, రాత పరీక్ష ఉంటాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్ల వరకు చెల్లుతుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఇటువంటి కోర్సులు నడుపుతుంది.

3. అప్పుడే పుట్టిన శిశువుల కోసం వేరే శిక్షణ. మొదటి ఒక్క నిమిషంలో ఏడవని శిశువుకు ఊపిరి ఎలా అందించాలో నేర్పుతారు. భారత ప్రభుత్వం 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో దీన్ని ప్రారంభించింది. కాన్పుల గదిలో పనిచేసేవారికి ఇది తప్పనిసరి.

మన మూడు ఊళ్లకు ఇది ఎందుకు మరింత అవసరం?

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి మన మూడు పట్టణాలూ అందులోకి వచ్చాయి. అయినా ప్రాణాపాయంలో ఉన్న బిడ్డను పెద్ద ఆసుపత్రికి పంపాలంటే దారి పాతదే. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండ నుంచి అనంతపురం సుమారు 70 కిలోమీటర్లు. ధర్మవరం వారికి బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి దగ్గర, అనంతపురం సుమారు 40 కిలోమీటర్లు. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఎంతో మేలు చేస్తోంది. కాని బండి వచ్చేలోగా, బండి చేరేలోగా గడిచే నిమిషాలకు పూచీ ఎవరు? మనమే.

మన ప్రాంతపు పిల్లలకు వచ్చే ప్రమాదాలు కూడా కొన్ని ప్రత్యేకమైనవి.

వేరుశెనగ గింజ: మనం చెనిక్కాయ విత్తనం అంటామే, అదే. కాయలు ఒలిచే కాలంలో ఇంటినిండా గింజలే. పాకే బిడ్డ నోట్లో వేసుకుంటుంది, నవ్వుతూనో ఏడుస్తూనో ఊపిరి పీలిస్తే గింజ ఊపిరిగొట్టంలోకి పోతుంది. ఒక్కసారిగా దగ్గు, ఉక్కిరిబిక్కిరి, ఆ తరువాత అంతా సర్దుకున్నట్టు ఉంటుంది. "నీళ్లు తాగించాం, తగ్గిపోయింది" అంటారు. నమ్మవద్దు. గింజ ఒక పక్క ఊపిరితిత్తిలోకి జారి ఉండవచ్చు. స్టెతస్కోపుతో రెండు పక్కలా పోల్చి వినండి. బ్రాంకోస్కోపీ చేసే చోటికి పంపండి. నాలుగేళ్లు నిండేదాకా పిల్లలకు పలుకు గింజలు ఇవ్వవద్దని తల్లులకు చెప్పండి.

తేలుకాటు: కాటు దగ్గర నొప్పి మాత్రమే ఉంటే ఒకరకం. ఒళ్లంతా చెమటలు, వాంతులు, చల్లబడిన కాళ్లు చేతులు, వేగంగా కొట్టుకునే గుండె, ఆయాసం ఉంటే విషం గుండె మీద పనిచేస్తోందని అర్థం. ఇటువంటి బిడ్డకు షాక్ అనుకుని గబగబా సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్ ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ గారు 1980లలో ప్రాజోసిన్ అనే చవకైన మాత్రతో ఈ మరణాలను ఎంతగానో తగ్గించవచ్చని చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు దాని మోతాదు. డాక్టరు గారి ఆదేశంతో ఇవ్వండి. బిడ్డను పడుకోబెట్టే ఉంచండి, లేపి కూర్చోబెడితే బి.పి. పడిపోవచ్చు.

పురుగుమందు: కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన మందు తాగడం. నోట్లో నురుగు, చిన్నబడిన కనుపాపలు, చెమటలు. ముందు సక్షన్ చేసి ఊపిరిదారి చూడండి. గ్లవ్స్ వేసుకుని తడిసిన బట్టలు తీసి ఒళ్లు కడగండి. అట్రోపిన్ సిద్ధం చేయండి. బలవంతంగా వాంతి చేయించవద్దు.

జాతీయ రహదారి: పెనుకొండ పక్కనే 44వ నంబరు రహదారి. దెబ్బలు తగిలిన బిడ్డ మెడ కదలకుండా పట్టుకుని ఊపిరిదారి తెరవడం శిక్షణలో నేర్పుతారు.

మొదటి పది నిమిషాలు: ఏది ముందు?

1. పిలవండి. ఒంటరిగా పనిచేయవద్దు. ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు ఫోను దగ్గర. మీరు ఒక్కరే ఉంటే సెల్‌ఫోను స్పీకరు పెట్టి పక్కన పెట్టుకోండి.

2. ఊపిరిదారి. పసిబిడ్డ తల పెద్దది, మెడ పొట్టిది. తల మరీ వెనక్కి వంచితే దారి మూసుకుపోతుంది. ముక్కు ఆకాశం వైపు చూసేలా ఉంటే చాలు. భుజాల కింద చిన్న గుడ్డ మడిచి పెట్టండి. స్పృహలో ఉన్న బిడ్డను తల్లి ఒడిలోనే ఉండనివ్వండి.

3. ఊపిరి. ఆక్సిజన్ పెట్టండి. ఊపిరి చాలకపోతే అంబూ బ్యాగు. మాస్కు ముక్కు పైభాగం నుంచి గడ్డం వరకు మాత్రమే రావాలి, కళ్ల మీద పడకూడదు. ఛాతీ లేచేంత వరకే నొక్కాలి. నాడి ఉండి ఊపిరి లేని బిడ్డకు రెండు మూడు సెకన్లకు ఒక ఊపిరి, అంటే నిమిషానికి 20 నుంచి 30. కంగారులో గబగబా నొక్కితే కడుపు ఉబ్బి వాంతి అవుతుంది.

4. నాడి. ఏడాది లోపు బిడ్డకు మోచేతి పైన లోపలి వైపు, పెద్ద పిల్లలకు మెడ దగ్గర లేదా గజ్జలో చూడండి. పది సెకన్లకు మించి వెతకవద్దు. నాడి దొరకకపోయినా, ఆక్సిజన్ ఇచ్చి బ్యాగు నొక్కుతున్నా నిమిషానికి 60 కంటే తక్కువగా ఉండి బిడ్డ పాలిపోయి ఉన్నా, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

5. ఛాతీ నొక్కడం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఛాతీ మందంలో మూడో వంతు లోతు, అంటే పసిబిడ్డకు సుమారు 4 సెంటీమీటర్లు, పిల్లలకు సుమారు 5. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు 2 ఊపిరులు, ఇద్దరుంటే 15కు 2. ప్రతి నొక్కు తరువాత ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకు ఒకసారి చేతులు మారండి.

పాత శిక్షణ తీసుకున్నవారు ఒక మార్పు గమనించండి. పసిబిడ్డకు రెండు వేళ్లతో నొక్కమని మనకు నేర్పారు. 2025 అక్టోబరులో వచ్చిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచనల ప్రకారం అది ఇక వద్దు, లోతు చాలడం లేదు. రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాలి. లేదా ఒక చేతి మడమతో నొక్కాలి.

6. చక్కెర. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా ప్రతి బిడ్డకూ గ్లూకోమీటరుతో చూడండి. తక్కువగా ఉంటే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 ఎం.ఎల్. నరం ద్వారా ఇస్తారు. మన దగ్గర 25 శాతం ఆంప్యూల్స్ ఉంటాయి కదా, దానిలో 2 పాళ్లకు 3 పాళ్లు స్టెరైల్ వాటర్ కలిపితే 10 శాతం అవుతుంది.

7. నరం దొరకకపోతే. వెతుకుతూ కాలం గడపవద్దు. మోకాలి కింద ఎముకలోకి సూది పెట్టే పద్ధతి శిక్షణలో నేర్పుతారు. నరంలో ఇచ్చే మందులు, సెలైను దాని ద్వారా ఇవ్వవచ్చు.

8. అడ్రినలిన్. గుండె ఆగినప్పుడు కిలోకు 0.01 మిల్లీగ్రాము, మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి. మన ఆంప్యూలులో 1 ఎం.ఎల్.కు 1 మిల్లీగ్రాము ఉంటుంది. దానికి 9 ఎం.ఎల్. నార్మల్ సెలైన్ కలిపి, కిలోకు 0.1 ఎం.ఎల్. ఇవ్వాలి. పది కిలోల బిడ్డకు 1 ఎం.ఎల్. ఈ లెక్క అప్పటికప్పుడు వేయడం కష్టం, కాబట్టి గోడ మీద బరువుల పట్టిక అంటించండి. బరువు తూచే వీలు లేకపోతే ఒకటి నుంచి పదేళ్ల వారికి వయసును రెండుతో హెచ్చించి ఎనిమిది కలపండి. నాలుగేళ్ల బిడ్డ సుమారు 16 కిలోలు. బక్కచిక్కిన బిడ్డకు ఈ లెక్క ఎక్కువ చూపిస్తుంది, జాగ్రత్త.

సెలైన్ విషయంలో తొందర వద్దు

షాక్‌లో ఉన్న బిడ్డకు కిలోకు 20 ఎం.ఎల్. చొప్పున వేగంగా ఎక్కించమని ఒకప్పుడు అందరికీ ఒకే మాట చెప్పేవారు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాల్లో జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన 3,141 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన అందరినీ ఆలోచింపజేసింది. వేగంగా ఎక్కించిన వారిలో 48 గంటల్లో నూటికి 10 మందికి పైగా చనిపోగా, అలా ఎక్కించని వారిలో నూటికి 7 మంది చనిపోయారు. అందుకే ఇప్పుడు కొద్దికొద్దిగా ఇచ్చి, ప్రతిసారీ బిడ్డను చూడమంటున్నారు. ఊపిరి వేగం పెరిగినా, కాలేయం ఉబ్బినా, ఊపిరితిత్తుల్లో గరగర వినిపించినా ఆపాలి. విరేచనాలతో బాగా ఎండిపోయిన బిడ్డ సంగతి వేరు, ఆ బిడ్డకు నీరే ప్రాణం. ఏ బిడ్డ ఏ రకమో గుర్తించడమే శిక్షణ.

గొంతులో ఇరుక్కుంటే

గట్టిగా దగ్గగలిగితే దగ్గనివ్వండి. దగ్గు రాక, ఏడుపు రాక, రంగు మారుతుంటే: ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు. తరువాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యన అరచేతి మడమతో 5 నొక్కులు. ఏడాది దాటిన వారికి వీపు మీద 5 దెబ్బలు, తరువాత వెనుక నుంచి పట్టుకుని బొడ్డు పైన 5 సార్లు లోపలికి, పైకి నొక్కడం. వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే పడుకోబెట్టి సి.పి.ఆర్. మొదలుపెట్టండి. కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది.

బృందంగా పనిచేయడం

శిక్షణలో నాకు అన్నిటికంటే ఉపయోగపడినది ఒక చిన్న అలవాటు. చెప్పినదాన్ని తిరిగి చెప్పడం. "సిస్టర్, అడ్రినలిన్ ఒక ఎం.ఎల్. ఇవ్వండి" అంటే, "సార్, కలిపిన అడ్రినలిన్ ఒక ఎం.ఎల్. ఇస్తున్నాను" అని, ఇచ్చాక "ఇచ్చాను, రెండు గంటల పది నిమిషాలు" అని చెప్పాలి. ఒకరు రాసుకోవాలి. మోతాదు తప్పనిపిస్తే చిన్న నర్సు అయినా సరే "సార్, మరొకసారి చూడండి" అని అడగవచ్చు. అది ఎదురు చెప్పడం కాదు, బిడ్డ పక్షాన మాట్లాడడం.

"డాక్టరు గారు రాకుండా మేము చేయవచ్చా?" అని చాలామంది అడుగుతారు. సహాయం పిలవడం, ఊపిరిదారి తెరవడం, ఆక్సిజన్, బ్యాగు, ఛాతీ నొక్కడం, చక్కెర చూడడం శిక్షణ పొందిన నర్సు వెంటనే మొదలుపెట్టవలసిన పనులు. మందులకు మాత్రం మీ ఆసుపత్రిలో ముందే రాసి, సంతకం చేసిన ఆదేశాలు ఉండేలా డాక్టరు గారితో మాట్లాడుకోండి. అర్ధరాత్రి అడగవలసిన ప్రశ్నను పట్టపగలే అడిగి ఉంచుకోవడం మంచిది.

మీ అలమర తెరిచి చూడండి

ఈ పుస్తకం పక్కన పెట్టి ఈ రోజే చూడండి: పిల్లల అంబూ బ్యాగు 500 ఎం.ఎల్.ది, శిశువుల బ్యాగు 250 ఎం.ఎల్.ది ఉన్నాయా? 0, 1, 2 నంబర్ల మాస్కులు ఉన్నాయా? సిలిండరులో ఆక్సిజన్ ఉందా, తాళంచెవి దానికే కట్టి ఉందా? కరెంటు పోతే సక్షన్ ఎలా? 24, 22 నంబర్ల క్యాన్యులాలు, గ్లూకోమీటరు స్ట్రిప్పులు గడువు దాటలేదు కదా? పిల్లల సామాను పెద్దవారి సామానుతో కలపకుండా వేరే ట్రేలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో రాయండి. ప్రతి డ్యూటీ మార్పిడిలో ఒకరు చూసి సంతకం చేయాలి.

పంపేటప్పుడు

బిడ్డను కాస్త నిలబెట్టాకే పంపండి. ముందు ఫోను చేసి పడక ఉందో లేదో కనుక్కోండి. శిక్షణ ఉన్న ఒకరు వెంట వెళ్లాలి. ఆక్సిజన్ దారి పొడుగునా సరిపోవాలి. బిడ్డను వెచ్చగా ఉంచండి. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చామో చీటీ రాసి పంపండి. హిందూపురం నుంచి కర్ణాటక వైపు వెళ్లే బిడ్డ చీటీ అక్కడివారికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాయండి.

మూణ్ణెల్లకు ఒకసారి చేతులు కదిలించాలి

కార్డు రెండేళ్లు చెల్లుతుంది గాని చేతి అలవాటు కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. వంట నేర్చుకుని పొయ్యి ముట్టించకపోతే ఎలా? మూణ్ణెల్లకు ఒకసారి పావుగంట అభ్యాసం పెట్టుకోండి. బొమ్మ లేకపోతే గట్టి దిండు అయినా సరే. ముందుగా చెప్పకుండా "ఏడాది బిడ్డ, ఊపిరి లేదు" అని కేక వేయండి. మాస్కు ఎంతసేపటిలో చేతికి వచ్చిందో గడియారం చూడండి. ఎవరినీ నిందించకుండా ఆలస్యం ఎక్కడ జరిగిందో మాట్లాడుకోండి. మా దగ్గర మొదటిసారి ఇలా చేసినప్పుడు అలమర తాళంచెవి ఇంటికి వెళ్లిన సిస్టరు గారి సంచిలో ఉందని తెలిసింది. నిజమైన బిడ్డ వచ్చిన రాత్రి అలా తెలిస్తే ఏమయ్యేది?

కొన్నేళ్ల క్రితం ఏడు నెలల బాబు అదే జబ్బుతో, అదే విధంగా ఏడుపు మానేసి వచ్చాడు. ఈసారి నరం వెతకలేదు. ఇద్దరు సిస్టర్లు వంతులవారీగా బ్యాగు నొక్కుతూ అనంతపురం వరకు వెళ్లారు. దిగేసరికి వారి వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోలేదట. రెండు వారాల తరువాత ఆ తల్లి బాబును చంకనెత్తుకుని వచ్చి మా వార్డు గుమ్మంలో నిలబడింది. ప్రతి బిడ్డా బతుకుతుందని నేను చెప్పలేను. శిక్షణ ఉన్నా కొందరు మన చేతుల్లోనే పోతారు. కాని సరైన మాస్కు లేదని, ఏది ముందో తెలియలేదని ఒక్క బిడ్డ కూడా పోకూడదు.

మీ ఆసుపత్రి పెద్దలను అడగండి. ఈ ఏడాది మీ విభాగం నుంచి కనీసం ఇద్దరిని శిక్షణకు పంపమనండి. వెళ్లివచ్చినవారు మిగతావారికి నేర్పండి. ఈ రాత్రి మీకు డ్యూటీ ఉంటే, చార్జి తీసుకోగానే ముందు ఆ అలమర తెరిచి చూడండి.